గంట స్టూడియోలో నాన్నగారి గొంతు

మా అమ్మ నోరు తెరిచి ఫలానాది కావాలని అడిగే మనిషి కాదు. చీర కొన్నా సరే, కొనకపోయినా సరే. వాడపల్లి వెంకన్న దర్శనానికైనా పక్కింటివాళ్ళు వెళ్తుంటే వెంట వెళ్ళేదే గాని, తనంత తాను తీసుకెళ్ళమన్నది లేదు. అలాంటి మనిషి ఓ రోజు పెరట్లో కందిపప్పు చెరుగుతూ చెరుగుతూ చేట పక్కన పెట్టి, "ఒక్కసారి మీ నాన్నగారి గొంతు వినాలనుందే అమ్మాయీ. నువ్వేవన్నా చెయ్యగలవేమో చూడవే" అంది.

నాన్నగారు అప్పటికి బతికే ఉన్నారు. ముందు వసారాలో పడక్కుర్చీలో కూచుని, మెడకి తువ్వాలు చుట్టుకుని పేపరు చదువుకుంటున్నారు. మనిషి ఉన్నారు, మాట లేదు. గొంతులో పుండుకి విశాఖపట్నంలో ఆపరేషను చేసి స్వరపేటిక తీసేసి అప్పటికి కొన్నేళ్ళయింది. లేని గొంతుని నేనెక్కణ్ణించి తెస్తాను? కానీ అమ్మ ఊరికే అడగలేదు. అది ఒక్కచోట మిగిలి ఉండొచ్చని ఆవిడకి తెలుసు. మద్రాసులో, ఒక సినిమా స్టూడియోలో.

అంబాజీపేట దగ్గర మా ఊరు. మాకు కొంచెం వరి, కొంచెం కొబ్బరి. ఆ రెంటితో పాటు నాన్నగారికి ఇంకో పని ఉండేది. చుట్టుపక్కల ఎవరి తోటలో చెట్లెక్కి కాయ దింపు తీసినా, లారీకి కాయ ఎత్తేటప్పుడు లెక్కకి ఆయన్ని పిలిచేవారు. రెండు చేతుల్తోనూ కాయలు అందుకుని లారీలో ఉన్న మనిషికి విసురుతూ, విసురు విసురుకీ పైకి లెక్క చెప్పడం ఆ పని. ఆయన లెక్క చెప్పాక అటు రైతు గాని ఇటు షావుకారు గాని మళ్ళీ మాట్లాడేవారు కాదు.

మా వైపు ధాన్యం కొలిచినా కాయ లెక్కపెట్టినా "ఒకటి" అనరు. మొదటిదాన్ని "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు, అలా సాగుతుంది. నాన్నగారు ఆ "లాభం" దగ్గర గొంతెత్తి సాగదీసి, పదులకి ఒక మెలిక తిప్పి, వంద రాగానే కిందికి దించి, గుర్తుకి ఒక కాయ పక్కన పెట్టి మళ్ళీ "లాభం" ఎత్తుకునేవారు. అది పాట కాదు. పాట అంటే ఆయనకి కోపం కూడాను, "నేనేవన్నా నాటకాలోణ్ణా" అని. కాలవకి అవతలి గట్టు మీద పోయేవాళ్ళు ఆ గొంతు విని, ఇవాళ ఎవరి తోటలో కాయ ఎత్తుతున్నారో చెప్పేసేవారు. ఆయన అలిసిపోతున్నారని కూడా ఆ గొంతుని బట్టే అమ్మకి తెలిసేది. అప్పుడు మజ్జిగ చెంబు పంపేది.

ఇక స్టూడియో సంగతి. సినిమా మొదలయ్యే ముందు తెర మీద పెద్ద కంచు గంట ఒకటి ఊగి ఖంగున మోగేది. ఆ మోత తగ్గకుండానే పేర్లు వచ్చేవి. ఆ కంపెనీ అసలు పేరేమిటో మా వైపు ఎవరూ పట్టించుకోలేదు. గంట స్టూడియో అంటే చాలు. గంట మోగిందంటే టిక్కెట్టు వృథా పోదని నమ్మకం. ఆ స్టూడియో పెట్టిన పెద్దాయనది మన జిల్లాయేనని కొందరు, కాదు కృష్ణా జిల్లా అని కొందరు కాఫీ హోటల్లో బల్లలు గుద్దుకునేవారు. ఫ్లోర్లు, కెమెరాలు, ఫిల్ము కడిగే లాబరేటరీ, పాటలు రికార్డు చేసే థియేటరు అన్నీ ఒకే ప్రహరీ లోపల ఉంటాయట, కథ పట్టుకుని గేట్లోకి వెళ్ళినవాడు సినిమా డబ్బాలు పట్టుకుని బయటికొస్తాడట అని చెప్పుకునేవారు. చూసొచ్చిన వాడు ఒక్కడూ లేడు. వర్ణనకి మాత్రం లోటు లేదు.

తొంభైల మొదట్లో, నేను డిగ్రీ రెండో ఏడు తప్పి ఇంట్లో కూచుని అందరి చేతా అక్షింతలు వేయించుకుంటున్న రోజుల్లో, ఆ గంట స్టూడియో వాళ్ళు మా తోటకి షూటింగుకి వచ్చారు. తోట చూడ్డానికి వచ్చిన డైరెక్టరుగారు, పక్క తోటలో లెక్క చెబుతున్న నాన్నగారి గొంతు విని అక్కడే నిలబడిపోయారట. హీరోయిను కాయల రాశి చాటున దాక్కోవడం, హీరో వెతుక్కుంటూ రావడం, ఇదంతా జరుగుతున్నా లెక్క చెప్పే పెద్దమనిషి తల తిప్పకపోవడం సీను. ఆ పెద్దమనిషి నాన్నగారు.

"నాకేటి తెలుసండీ బాబుగారూ యాక్టింగు" అన్నారు నాన్నగారు.

"మీరేం చెయ్యక్కర్లేదండి. రోజూ ఎలా లెక్కపెడతారో అలాగే పెట్టండి."

"ఆయ్, అలాగైతే సరేనండి."

సరేనన్నారు గాని యూనిట్ వాళ్ళని నానా తిప్పలూ పెట్టారు. డైరెక్టరుగారు "యాక్షన్" అనగానే, అంతటివారు ఏదో చెప్పారు కదా అని ఈయన మర్యాదగా "ఆయ్" అనేవారు. కట్. మళ్ళీ "యాక్షన్." మళ్ళీ "ఆయ్." చివరికి అసిస్టెంటు ఒకాయన వచ్చి, దానికి జవాబు చెప్పక్కర్లేదండి అని బతిమాలుకున్నాడు. "పిలిస్తే పలక్కపోతే ఎలాగండీ" అని నాన్నగారు నొచ్చుకున్నారు. అది తేలాక ఇంకో పేచీ. టేకు బాగా రాలేదు, మధ్యలోంచి అందుకోండి అంటే ఈయన అందుకోరు. ఎక్కించిన కాయలన్నీ దింపించి, రాశిలో పోయించి, మళ్ళీ "లాభం" నించి ఎత్తుకోవాల్సిందే. "ఉత్తుత్తి లెక్క నేను చెప్పలేనండి. నోరు అబద్దవాడితే చెయ్యి ఊరుకోదండి" అన్నారు. దింపి ఎక్కించీ ఎక్కించి దింపీ లైట్లబ్బాయిల నడుములు విరిగాయి. హీరోయిను మా వసారాలో కూచుని అమ్మ పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తింటూ పడీ పడీ నవ్వింది.

మామిడి చెట్టు కింద ఒక సన్నపాటి మనిషి టేపు చక్రాలు తిరిగే పెట్టె ముందేసుకుని, చెవులకి డొప్పలు తగిలించుకుని కూచునేవాడు. సౌండాయన. సాయంత్రం పని ముగిశాక ఆ డొప్పలు నాన్నగారి చెవులకి పెట్టి, పొద్దుట ఆయన చెప్పిన లెక్కనే ఆయనకి వినిపించాడు. నాన్నగారు ఆసాంతం విని, డొప్పలు తీసి జాగ్రత్తగా ఆయన చేతికిచ్చారు.

"బాగుందండి. కానీ నా గొంతు కాదండి ఇది."

"మీదేనండీ బాబూ. మీ కళ్ళ ముందే కదా పట్టాను."

"ఆయ్, మీరు చెప్తున్నారు కాబట్టి అయ్యే ఉంటదండి. నాది మాత్రం కాదండి."

అందరూ నవ్వారు. తీర్పు చెప్పమని అమ్మని పిలిచారు. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని, డొప్ప ఒక్కటే చెవికి ఆనించుకుని, కళ్ళు దించుకుని వింది. వింటుంటే ఆవిడ మొహం ఎర్రబడింది. "అచ్చం ఆయనేనండి" అని డొప్ప ఇచ్చేసి లోపలికి పరిగెత్తింది. కట్టుకున్నవాడి గొంతు అంత దగ్గరగా, అంతమంది ముందు విన్నందుకు కాబోలు ఆ సిగ్గు. ఆ మొహం నేను మళ్ళీ చూడలేదు.

సినిమా అమలాపురానికి వచ్చిన రోజు అంబాజీపేట కొబ్బరి బజారు బజారంతా హాల్లోనే ఉంది. గంట మోగింది. ఈలలు. మా తోట కనిపించింది. ఈలలు. రాశి పక్కన నాన్నగారు కనిపించారు, ఇక చెప్పక్కర్లేదు. ఆయన తెర మీద రెండు చేతుల్తోనూ కాయలు అందుకుని, నోరు తెరిచి, "ఒకటీ..." అన్నారు.

అది నాన్నగారి గొంతు కాదు. బాగా తర్ఫీదైన, గుండ్రటి, పట్నం గొంతు. మెలికలన్నీ ఉన్నాయి, ఎత్తడం ఉంది, దించడం ఉంది. పెదాలు మాత్రం "లాభం" అంటున్నాయి, గొంతు "ఒకటి" అంటోంది. హాల్లో ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక బెంచీల్లోంచి ఎవరో "లాభం అనండి బాబూ లాభం!" అని అరిచారు. ఆపైన హాలంతా నవ్వులు, "లాభం! లాభం!" అని కేకలు. నాన్నగారూ నవ్వారు. బయటికొచ్చాక, "బొమ్మ నాదీ, గొంతు వాళ్ళదీనండి. సగవే అద్దెకి తీసుకున్నారు" అన్నారు. ఆ తర్వాత చాలాకాలం బజార్లో ఆయన్ని "ఏవండోయ్ ఒకటిగారూ" అని పిలిచేవారు. ఆయన పలికేవారు కూడా. పిలిస్తే పలక్కపోతే ఎలాగ మరి.

అమ్మ మాత్రం నవ్వలేదు. బస్సులో దారి పొడుగునా కిటికీ లోంచి బయటికి చూస్తూ కూచుంది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "పరాయివోడి గొంతు తెచ్చి ఆయన నోట్లో పెట్టేరు" అంది. అంతకంటే పెద్ద తిట్టు ఆవిడకి రాదు.

కొన్నేళ్ళకి నాన్నగారి గొంతు బొంగురుపోయింది. లారీల దగ్గర అరిచీ అరిచీ అనుకున్నాం. మిరియాల కషాయం, పటికబెల్లం, తేనె. ఆ చుట్ట మానండి మహానుభావా అని అమ్మ పోరు పెడితే మానేశారు గాని అప్పటికే ఆలస్యమైంది. కాకినాడలో చూసి విశాఖ వెళ్ళమన్నారు. విశాఖలో, మనిషి కావాలంటే గొంతు వదులుకోవాలన్నారు. ఆపరేషను నాటికి ఆ గొంతు గరగరమనే గాలి తప్ప ఏమీ కాదు. అందుకని దాన్ని టేపులో పట్టి దాచుకోవాలన్న ఊహే ఎవరికీ రాలేదు. దాచుకోదగ్గది అంతకు ముందే పోయింది.

నా పెళ్ళి వీడియో క్యాసెట్టులో నాన్నగారు ఉన్నారు. పందిట్లో ఎవరినో పిలుస్తారు, పురోహితుడితో ఏదో వాదిస్తారు, నన్ను అప్పగించేటప్పుడు మా అత్తగారితో ఏదో అంటారు. ఏమన్నారో తెలీదు. ఆ వీడియో పుణ్యాత్ముడు మొదట్నించి చివరిదాకా సినిమా పాటలు వేసి చంపాడు. ఆ క్యాసెట్టు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది.

గొంతు పోయాక కూడా నాన్నగారు లారీ దగ్గరికి వెళ్ళడం మానలేదు. కాయలు ఆయన విసిరేవారు, లెక్క పక్కనున్న ఇంకొకాయన చెప్పేవాడు. విసురు విసురుకీ నాన్నగారి పెదాలు కదిలేవి. ఒకరోజు కొత్తపేట నించి వస్తూ బస్సులోంచి అది చూశాను. నేను దిగాల్సిన చోట దిగలేదు. తర్వాతి స్టాపులో దిగి, ఏడుపు అణుచుకోవడానికి వెనక్కి నడిచొచ్చాను.

ఇంట్లో పిలవాలంటే చప్పట్లు కొట్టేవారు. ఒక చప్పట్టయితే అమ్మ, గబగబా కొడితే ఎవరైనా సరే రమ్మని. అమ్మ ఆయన చేతుల్నీ కనుబొమల్నీ చదవడం నేర్చుకుంది. ఇద్దరికీ సరిపోయేది. బయటివాళ్ళకి జాలి గాని వాళ్ళకి లోటు లేదనే నేనూ అనుకున్నాను.

అంతలో ఆ సినిమా టీవీలో వచ్చింది. ఊళ్ళో అప్పటికి కేబుల్ పడింది. ఊరు ఊరంతా మా వసారాలో చేరింది. ఆ సీను రాగానే నాన్నగారు కుర్చీలో ముందుకి వంగి, టీవీలో తన పెదాలతో పాటు తన పెదాలు కదపడం మొదలుపెట్టారు. రెండు చోట్లా "లాభం". మధ్యలోంచి ఎవరో "ఒకటీ..." అంటున్నాడు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆపైన టీవీలో ఎన్నిసార్లు వచ్చినా ఆ సీనుకి ఆవిడ లేచి వెళ్ళిపోయేది. వెళ్ళి ఊరుకోలేదు, ఆలోచించింది. చేట పక్కన పెట్టి నన్ను అడిగింది ఆ ఆలోచన తోనే. "ఆ సన్నంగా ఉండే ఆయన ఆ వేళ పట్టేడు కదే. నేనిన్నాను కదా నా చెవులారా. ఆ రీలు వాళ్ళ స్టూడియోలో ఎక్కడో అక్కడ పడుండదూ?"

ఉంటుందనే నేనూ అనుకున్నాను. అంత పెద్ద స్టూడియో, అన్నీ ఒకే ప్రహరీ లోపల. ఎక్కడికి పోతుంది?

మా ఆయనకి మద్రాసులో ఏదో ఆఫీసు పని పడితే వెంట వెళ్ళాను. నాన్నగారికి తిరుపతి అని చెప్పాం. చెన్నై అని అప్పటికే పేరు మార్చేశారు గాని మాకు మద్రాసే. ఆటోవాడికి స్టూడియో పేరు చెబితే తెలియలేదు. గంట బొమ్మ అని చేత్తో ఊపి చూపిస్తే తెలిసింది.

గేటు మీద సిమెంటు గంట అలాగే ఉంది, పసుపు రంగు పెచ్చులూడిపోయి. లోపల మాత్రం ఆ వర్ణనలేమీ లేవు. ఒక ఫ్లోరులో టీవీ సీరియల్ తీస్తున్నారు. ఇంకో ఫ్లోరు ఉన్న చోట పునాదులు తవ్వుతున్నారు, రాబోయే అపార్టుమెంట్ల బొమ్మ పెద్ద బోర్డు మీద ఉంది. ఆఫీసులో తెలుగబ్బాయే ఉన్నాడు, మర్యాదస్తుడు. నేను వచ్చిన పని విని పాపం నవ్వలేదు.

"మా కంపెనీది సిమెంటు వ్యాపారమండీ. మేం కొన్నది నేల ఒక్కటే. సినిమాలతో మాకేం సంబంధం లేదు."

మెల్లిగా వరస చెప్పాడు. పెద్దాయన పోయాక కొడుకులు పంచుకున్నారు. ఒకరికి ఫ్లోర్లు, ఒకరికి లాబరేటరీ, ఒకరికి సినిమాలు. ఎవరి వాటా వాళ్ళు తాకట్టు పెట్టుకున్నారు. తాకట్టు పట్టిన ఫైనాన్సు కంపెనీ అన్నీ తీసుకుంది. దానికీ నడపడం చేతకాక నేల వీళ్ళకి అమ్మింది, సినిమాలన్నీ కలిపి బొంబాయిలో ఒక పెద్ద కంపెనీకి అమ్మేసింది. మా వైపు తోటలో కాయ గంపగుత్తకి ఇచ్చేస్తారే, అలాగ. టీవీలో వేసుకునే హక్కు హైదరాబాదులో ఇంకెవరిదో.

"మరి ఆ గంటో?" అన్నాను.

"అది కూడా మాది కాదండి. సినిమాలతో పాటు ఆ గుర్తు కూడా అమ్మేశారు. గేటు మీదిది తీయించాలి."

బొంబాయి నంబరు ఇచ్చి, తన ఫోన్లోంచే చేసుకోమన్నాడు. ఒకమ్మాయి ఎత్తింది. మీకు కావాల్సింది వీడియో హక్కులా, టీవీ హక్కులా అని ఇంగ్లీషులో అడిగింది. మా నాన్నగారి గొంతు అని ఏ భాషలో చెప్పాలో నాకు తెలియలేదు. పెట్టేశాను.

మొహం చూసి జాలి కలిగిందేమో, పాత స్టాఫు కొందరు ఎదురుగా టీ కొట్టు దగ్గర కూచుంటారు, కనుక్కోండి అన్నాడా అబ్బాయి. వెళ్ళాను. బెంచీ మీద నలుగురైదుగురు పెద్దవాళ్ళున్నారు. గేటు వైపు మొహం పెట్టి కూచున్నారు, ఏ క్షణాన్నైనా ఎవరో లోపలికి పిలుస్తారన్నట్టు. అందులో చివరి ఆయన్ని చూడగానే గుర్తుపట్టాను. జుట్టు తెల్లబడింది గాని అదే సన్నపాటి మనిషి.

"కొబ్బరితోటలో లెక్క చెప్పినాయన కూతుర్నండి" అన్నాను.

"నా గొంతు కాదన్నారు మీ నాన్నగారు!" అని నవ్వుతూ లేచి, ఆయన కూచున్న చోట నన్ను కూచోబెట్టాడు. "ఎలా ఉన్నారమ్మా?"

చెప్పాను. నవ్వు పోయింది. నేను ఎందుకొచ్చానో చెప్పాక ఆయన చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"దాన్ని పైలట్ ట్రాక్ అంటారమ్మా" అన్నాడు. "అవుట్‌డోర్లో పట్టిన గొంతు డబ్బింగుకి ఆధారం, అంతే. థియేటర్లో అది వింటూ ఆర్టిస్టు మళ్ళీ చెబుతాడు. చిత్తుకాగితం లాంటిది. ఫెయిర్ కాపీ రాసేశాక చిత్తుకాగితం ఎవరు దాస్తారు? పెద్దాయన ఉన్నప్పుడు టేపు ఒక్క గజం వృథా చెయ్యనిచ్చేవారు కాదు. డబ్బింగు అవగానే చెరిపేసి తర్వాతి సినిమాకి అదే టేపు. మీ నాన్నగారి టేపే తీసుకుని పొల్లాచ్చి షూటింగుకి వెళ్ళాం. ఆయన గొంతు మీద ఇంకెవరెవరివో గొంతులు ఎక్కాయమ్మా. నా చేతుల్తో నేనే చెరిపాను."

ఆ "ఒకటి" సంగతి కూడా ఆయనే చెప్పాడు. డబ్బింగు చెప్పినాయన నాన్నగారి పైలట్ పదే పదే విని, మెలికలన్నీ నేర్చుకుని, "లాభం" అనే చెప్పాడట. కంపెనీ వాళ్ళెవరో చూసి, అన్ని జిల్లాల వాళ్ళకీ అర్థం కావాలి, ఒకటి అని మార్చండి అన్నారట. నాన్నగారినే రప్పించి చెప్పిద్దామని డైరెక్టరుగారు అడిగారట గాని, కొత్తవాళ్ళయితే థియేటర్లో పూటలు పూటలు దండగవుతాయని ఒప్పుకోలేదట.

నేను ఏడుస్తున్నానని నాకు తెలియలేదు. టీ కొట్టాయన బెంచీ మీద మంచినీళ్ళు పెట్టాడు. సౌండాయన కళ్ళు మూసుకుని, బస్సుల రొదలో నాకు మాత్రమే వినపడేలా, "లాభం... రెండూ... మూడూ..." అని సన్నగా అన్నాడు. ఎక్కడ ఎత్తాలో అక్కడ ఎత్తాడు, పది దగ్గర మెలిక తిప్పాడు. "ఇలాగే కదమ్మా? నా చెవుల్లో అలాగే ఉందమ్మా" అన్నాడు. అలాగే ఉంది. గొంతు మాత్రం ఆయనది.

ఇంటికి వచ్చి, అమ్మని పెరట్లోకి తీసుకెళ్ళి, లేదమ్మా అన్నాను. ఎందుకు లేదో చెప్పబోతే వినలేదు. "పోన్లే. నీకు శ్రమ" అంది. మమ్మల్ని చూసి నాన్నగారు వసారాలోంచి గబగబా చప్పట్లు కొట్టారు. ఏంటి సంగతని చెయ్యి తిప్పారు. అమ్మకి ఆయన దగ్గర ఏదీ దాచడం రాదు. తిరుపతి కాదు మద్రాసనీ, దేనికి వెళ్ళానో కూడా చెప్పేసింది. నాన్నగారి భుజాలు కదిలాయి. తువ్వాలు వెనక, మెడకి డాక్టర్లు పెట్టిన చిల్లులోంచి గాలి బుస్సుమంది. అది ఆయన నవ్వు. అరిచేతులు రెండూ చెవులకి డొప్పల్లా మూసుకుని, తల అడ్డంగా ఊపారు. అది నా గొంతు కాదు కదా, దానికోసం పోతారేంటి అని. మేమూ నవ్వేశాం. అమ్మ నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికెళ్ళింది, చాలాసేపు బయటికి రాలేదు.

ఆ పై ఏడు నాన్నగారు పోయారు. లారీ దగ్గర నించి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం పెట్టమని చప్పట్టు కొట్టి, అమ్మ కంచం తెచ్చేలోగా పోయారు. ఆ కంచం పట్టుకుని అమ్మ నిలబడిపోయిన తీరు నేను చూడలేదు. చూసినవాళ్ళు చెప్పారు.

సంవత్సరీకాలయ్యాక మా ఆయన అమలాపురం బస్టాండులో ఆ సినిమా వీసీడీ కొనుక్కొచ్చాడు. పెట్టగానే గంట కోసం చూశాను. గంట లేదు, మోత లేదు. ఏవో ఇంగ్లీషు అక్షరాలు తళతళలాడుతూ సుళ్ళు తిరిగి, పేలి, మాయమయ్యాయి. బొంబాయి కంపెనీ కాబోలు. అమ్మ ఆ సీను వచ్చేసరికి అలవాటుగా లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. లేవలేదు. ఇంకొంచెం ముందుకి జరిగి కూచుంది. మర్నాడు మళ్ళీ పెట్టించుకుంది. క్రమంగా అది రోజువారీ పనయింది. సినిమా అంతా అక్కర్లేదు, ఆ ముక్క చాలు. మీటలు నొక్కడం మా అమ్మాయి నేర్చుకుంది. అది నాన్నగారి ఆపరేషను తర్వాత పుట్టింది. తాతగారంటే దానికి చప్పట్లే.

మొన్నటి సెలవుల్లో వసారాలో కూచుని దింపు తాలూకు లెక్క చూసుకుంటుంటే లోపల్నించి ఆ గొంతు వినిపించింది. "ఒకటీ... రెండూ..." మా అమ్మాయి దానితో పాటు రాగం తీస్తోంది, మెలికలతో సహా. గుమ్మం దగ్గరికెళ్ళి నిలబడ్డాను. అమ్మ టీవీకి ఎదురుగా, కొంగు తల మీదికి లాక్కుని, కళ్ళు దించుకుని వింటోంది.

"అమ్మమ్మా, తాతగారు ఇలాగే అనేవారా?"

"ఆయ్" అంది అమ్మ. "అచ్చం ఆయనేనే."

కాదమ్మా, ఆ గొంతు వినలేకే కదా నువ్వు లేచి వెళ్ళిపోయేదానివి, అది పరాయివాడిది కదా అని చెబుదామని నోరు తెరిచాను. చెప్పాలంటే అసలుది నాకైనా వినపడాలి. కళ్ళు మూసుకుని వెతుక్కున్నాను. కాలవ గట్టు వచ్చింది, లారీ వచ్చింది, కాయల రాశి వచ్చింది, మజ్జిగ చెంబు వచ్చింది. నాన్నగారు వచ్చి రెండు చేతుల్తోనూ కాయలు అందుకుని, నోరు తెరిచారు.

"ఒకటీ..." అన్నారు.